గొట్టం మీద మంచు

మా సార్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఐసు దిమ్మల మధ్య ఉన్నాను. ఫోనెత్తితే ఆయన పాత విద్యార్థి. శ్రీకాకుళంలో ఏసీలు బిగించే కుర్రాడు. ఏడుస్తున్నాడు. "అన్నా, సారు నేరు. వడదెబ్బట. బస్సుస్టాపు కాడ పడిపోనారట." నా చేతిలో దిమ్మని లాగే కొక్కెం ఉంది. అది పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వ్యాను డ్రైవరు కేకేశాడు. "ఏటిరా అలగుండిపోనావు? ఐసు కరిగిపోతన్నాది, లాగు!" లాగాను. ఏం చెయ్యను? చేపలు ఆగవు కదా.

ఆయన ఎవరో ముందు చెప్పాలి. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఒకేషనల్ డిగ్రీ కాలేజీలో రిఫ్రిజిరేషను, ఏసీ కోర్సు చెప్పే లెక్చరర్. చేతిపనిలో డిగ్రీ అన్నమాట. సగం రోజులు క్లాసులో పాఠం, సగం రోజులు ల్యాబులోనో ఫ్యాక్టరీలోనో పని. నేను ఆ కాలేజీలో చదవలేదు. ఇంటరు తర్వాత ఏ కాలేజీలోనూ చేరలేదు. కళింగపట్నం దారిలో ఉన్న ఐసు ఫ్యాక్టరీలో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అయినా ఆయన్ని "మా సార్" అంటాను. అనొద్దని ఎవడైనా చెబితే వాడితో గొడవపడతాను. ఒకసారి పడ్డాను కూడా, ఆ సంగతి తర్వాత చెబుతాను.

వేసవి సెలవుల్లో లెక్చరర్‌కి ఎండలో ఏం పని? ఈ మాట ఎవరూ అడగడం లేదు, అందుకే నేను అడుగుతున్నాను. తెలియనివాళ్ళు వినండి. మా వైపు ప్రైవేటు కాలేజీల్లో సెలవులు పిల్లలకే. లెక్చరర్లు కరపత్రాల సంచీ భుజాన వేసుకుని ఊరూరా తిరగాలి. ఇంటరు పాసైన పిల్లలున్న ఇళ్ళు కనుక్కుని, తలుపు తట్టి, "మీ పిల్లల్ని మా కాలేజీలో వెయ్యండి" అని అడుక్కోవాలి. దీనికి క్యాన్వాసింగు అని పేరు పెట్టుకున్నారు. సెక్షను నిండితే కోర్సు ఉంటుంది, లెక్చరర్ ఉంటాడు. నిండకపోతే రెండూ ఉండవు. ఏడాది పొడుగునా ఆయన పాఠం ఎలా చెప్పాడన్నది ఎవడికీ పట్టదు.

మా ఇంటికి ఆయన మొదటిసారి వచ్చింది అలాగే, నా కోసం. అమ్మ వాకిట్లో చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయి, సంచీతో ఒక మనిషి నిలబడ్డాడు.

"ఏటి బాబూ, మళ్ళీ ఓట్లేటి?" అంది అమ్మ.

"ఓట్లు కాదమ్మా, పిల్లల కోసం వచ్చాను."

అమ్మ చేట పక్కన పెట్టి ఒకే ఒక్క మాట అడిగింది. "ఇది సదివితే ఉద్దోగం వస్తాదా?"

అంతకు ముందు రోజే ఇంకో కాలేజీ మనిషి వచ్చి, బెంగుళూరులో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి, నాకొక పెన్ను, మా చెల్లికో క్యాలెండరు ఇచ్చి వెళ్ళాడు. మా సార్ కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నేను చూశాను.

"రాకపోవచ్చునమ్మా. పని మాత్రం వస్తాది."

ఆయన అటు వెళ్ళగానే అమ్మ నా మొహం చూసి, "ఒరే, అబద్దమాడ్డం కూడా రాని మనిసి. నీకేటి నేర్పుతాడురా?" అంది. అంతే, నా కాలేజీ చదువు ఆ చేట దగ్గరే తేలిపోయింది.

అయితే ఆ రోజు పక్కింటికి దారి చూపించడానికి ఆయనతో నేనే వెళ్ళాను. పక్కింట్లో పిన్ని వరసావిడ. ఆవిడ కొడుకు కూడా ఇంటరు పాసయ్యాడు. ఆవిడ ఈయన్ని చూసి, సంచీ చూసి, ఫ్రిజ్జు మెకానిక్కనుకుంది. "రండి బాబూ, ఎంత తిప్పినా సల్లబడ్డం నేదు" అని లోపలికి తీసుకుపోయింది. ఆయనా వెళ్ళిపోయాడు! ఫ్రిజ్జు గోడకి ఆనించేసి ఉంది. వెనక నల్ల జాలీ మీద తడి తువ్వాళ్ళు, లంగాలు ఆరేసి ఉన్నాయి. అవన్నీ తీయించాడు. నేనూ ఆయనా కలిసి ఫ్రిజ్జు ముందుకి జరిపాం. ఆ జాలీ మీద పిన్ని చెయ్యి పెట్టించి చెప్పాడు.

"సూడమ్మా, ఎంత వేడిగా ఉన్నాదో. ఇది లోపలి వేడే. సల్లదనమంటూ విడిగా ఏటీ నేదు. ఒక చోటి వేడిని మోసుకుపోయి ఇంకో చోట దింపడం, అంతే. దింపే చోట నువ్వు గుడ్డలు కప్పేస్తే అది ఎక్కడికి పోతాది?"

పిన్నికి బాగా నచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలిచింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. బయటికొచ్చాక, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఉలిక్కిపడ్డాడు.

"ఒరే, ఇంతకీ ఆ ఇంట్లో గుంటడేడీ?"

"గ్యారంటీ కాలేజీ ఆయన అరుగు మీదే సంతకం ఎట్టించీసుకున్నాడు సార్. బండి మీద ఎక్కించుకుని పట్టుకుపోనాడు."

ఆయన నవ్వాడు. సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "పోనీలే. ఫ్రిజ్జయితే సల్లబడతాది."

చూశారా, ఇదీ ఆయన క్యాన్వాసింగు. ఎక్కడ ఎవరికి అర్థం కాలేదనిపిస్తే అక్కడ పాఠం మొదలు. పిల్లల్ని పట్టుకురమ్మని పంపితే ఫ్రిజ్జులకి ఊపిరి పోసి వచ్చేవాడు. ప్రతి ఏడాదీ ఆయన సెక్షను అంచు మీద నిలబడేది. ఎలాగో ఒకలాగ నిలబడేది.

మళ్ళీ ఆయన్ని చూసింది మా ఫ్యాక్టరీలో. తన విద్యార్థుల్ని పని నేర్పించడానికి తీసుకొచ్చాడు. ఈ కోర్సు చెప్పే లెక్చరర్‌కి ఇదొక పెద్ద చాకిరీ. ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి, "మా పిల్లల్ని కొన్నాళ్ళు మీ మిషన్ల దగ్గర నిలబడనివ్వండి" అని బతిమాలాలి. ఓనర్లు సరేనంటారు. ఎందుకనరు? ఊరికే వచ్చిన చేతులు. మా ఓనరు ఆ డిగ్రీ పిల్లల్ని కంప్రెసరు గది వైపే రానివ్వలేదు. పొద్దుటి నుంచీ ఐసు దిమ్మలు వ్యానులకి ఎక్కించే పనిలో పెట్టేశాడు. మధ్యాహ్నం సార్ వచ్చి చూశాడు. అరవలేదు. చొక్కా విప్పి మేకుకి తగిలించి, బనీను మీద, పిల్లలతోపాటు దిమ్మలు మొయ్యడం మొదలుపెట్టాడు. లెక్చరర్ దిమ్మ మోస్తుంటే మా ఓనరుకి కాలు నిలవలేదు.

"అయ్యయ్యో, మీకేటి కర్మ మేస్టారూ, ఒగ్గీయండి."

"మోత మేం చేసేశాం. ఇప్పుడు మీ వంతు. సాయంత్రం దాకా ఆ గది మాకు వదిలెయ్యాలి. పని చేయించుకోవడం వేరు బాబూ, పని నేర్పడం వేరు."

ఆ గది తలుపు తెరుచుకుంది. తెరిచింది నేనే.

లోపల మిషను ముందు పిల్లల్ని నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. "ముందు చెవి పెట్టండి. తర్వాతే చెయ్యి." ఆయనది బొబ్బిలి దగ్గర గుడిలో తరతరాలుగా సన్నాయి వాయించిన ఇల్లు. "మా నాన్న శ్రుతి తప్పితే పట్టేవాడు, నేను బేరింగు అరిగితే పడతన్నాను. ఒకటే చెవి" అనేవాడు. మా మిషను కాసేపు విని, "దీనికి దగ్గొచ్చింది, వాల్వు చూసుకోండి" అన్నాడు. వాళ్ళకి చూపిద్దామని నేను గంధకం వత్తి వెలిగించి గొట్టాల వెంట తిప్పాను. ఐసు గడ్డకట్టించడానికి వాటిలో తిరిగే అమ్మోనియా గ్యాసు ఎక్కడైనా కారుతుంటే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. మేం రోజూ చేసే పనే. పొగ లేచింది. పిల్లలు ఓహో అన్నారు. నాకు గర్వంగా ఉంది.

"పట్టుకున్నావు, బాగుంది. ఇప్పుడు ఆ పొగ తెల్లగా ఎందుకొచ్చిందో చెప్పు."

"గ్యాసు కాలతన్నాది సార్."

"కాలడం లేదు. ఇంకోటి చెప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పదిమందిలో పరువు తీశాడనిపించి వత్తి నేలకేసి కొట్టాను. ఆయన అది తీసి నా చేతికే ఇచ్చాడు.

"కోపమొచ్చిందా? మంచిదే. తెలుసుకోవాలని లేనివాడికి కోపం కూడా రాదు. రెండో శనివారం ల్యాబు తీసి ఉంచుతాను, రా."

వెళ్ళాను. గంధకం పొగా అమ్మోనియా కలిస్తే సన్నటి తెల్లపొడి పుడుతుందనీ, మనకి పొగలా కనిపించేది అదేననీ ఆ శనివారం తెలిసింది. పోట్లాడటానికి వెళ్ళినవాణ్ణి ఆ రోజు నుంచి మానలేదు. నాలాంటివాళ్ళు ఇంకొందరు వచ్చేవాళ్ళు. రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు, ఫ్రిజ్జు షాపుల కుర్రాళ్ళు. మాకు సర్టిఫికెట్టు లేదు, హాజరు లేదు. కాలేజీ అడిగితే "నా పాత పరిచయస్థులు" అనేవాడు. తను చదివేసిన పుస్తకాలు ఇచ్చేవాడు. ఇంగ్లీషులో అర్థం కాని ముక్క ఉంటే పెన్సిలుతో పక్కన తెలుగులో రాసి ఇచ్చేవాడు. ఈ నాలుగు వాక్యాలు నేను రాయగలుగుతున్నానంటే ఆ పెన్సిలు చలవే.

ఆ ల్యాబులో ఒక మిషను ఉండేది. కాలేజీ కొన్నది కాదు. కళింగపట్నంలో ఒక చేపల గోదాములో మూల పడున్న చిన్న కంప్రెసరు అడిగి తెచ్చుకుని, పాత సామాన్ల షాపుల్లో ఏరుకొచ్చిన రాగి గొట్టాలు చుట్టి, విద్యార్థుల చేతే బిగించిన మిషను. ప్రతి బ్యాచీ దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాలి. అదే అసలు పరీక్ష. బిగించాక స్విచ్చి వేస్తే, సరిగ్గా కుదిరితే, కాసేపటికి గొట్టం మీద మంచు పడుతుంది. మొదట చెమట, తర్వాత తెల్లటి నూగు. అప్పుడు ఒక్కొక్కరూ వచ్చి ఆ మంచు మీద గోటితో పేరు రాయాలి. ఇది ఆయన పెట్టిన ఆచారం. కరిగిపోయేదాని మీద పేరెందుకు సార్ అని నేనడిగాను.

"కాగితం మీద పేరు కాలేజీవోళ్ళు ఇస్తారు. ఇది నువ్వు పుట్టించిన మంచు. దీని మీద రాయడానికి ఎవడి సంతకమూ అక్కర్నేదు."

ఆ రోజు నేనూ రాశాను. వేలు జివ్వుమంది.

కాలేజీలో ఆయన్ని లెక్చరర్ అని పిలిచేవాళ్ళు తక్కువ. పక్క కోర్సుల వాళ్ళు "మెకానిక్కు మేస్టారు" అని నవ్వుకునేవాళ్ళు. గ్రీజు చేతులతో స్టాఫ్‌రూములోకి రావద్దని ప్రిన్సిపాల్ అన్నాడట. అప్పటి నుంచి ల్యాబులోనే బల్ల మీద క్యారేజీ విప్పుకునేవాడు. బోర్డు ముందు నిలబడి చెప్పాలి, మిషను కింద పడుకుని చెప్పాలి, ఫ్యాక్టరీల దగ్గర చేతులు కట్టుకోవాలి, ఎండాకాలం గుమ్మాలు ఎక్కాలి. ఇన్ని పనులు ఒక్క మనిషి చేత చేయించి, మర్యాద దగ్గరికొచ్చేసరికి మెకానిక్కు! నాకు మెకానిక్కంటే తక్కువేం కాదు, నేనూ ఆ జాతే. కానీ వాళ్ళు ఆ మాట అన్న తీరు నాకు తెలుసు.

ఈ వేసవిలో మా చెల్లి ఇంటరు పాసైంది. సార్ ఫోను చేశాడు. గొంతు బాగా అలిసిపోయి ఉంది. ఈసారి సెక్షను నిండకపోతే కోర్సు ఎత్తేస్తామని తేల్చి చెప్పేశారట. ఇంకా కొందరు తక్కువ పడుతున్నారట.

"మీ అమ్మని అడగడానికి వస్తన్నానురా."

నేను బతిమాలాను. "సార్, ఈ ఒక్కసారికి ఉద్యోగం వస్తాదనీయండి. మీ నోరేటి అరిగిపోదు. మా అమ్మకి ఆ ఒక్కమాట సాలు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. నల్లబడిపోయాడు, పెదాలు పగిలి ఉన్నాయి. అమ్మ నీడలో మంచం వాల్చి, చోడి అంబలి గ్లాసుతో ఇచ్చి, మళ్ళీ అదే ప్రశ్న వేసింది.

"ఉద్దోగం వస్తాదా బాబూ?"

నేను ఆయన వెనక నిలబడి సైగలు చేస్తూనే ఉన్నాను.

"రాకపోవచ్చునమ్మా" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "పైగా ఆడపిల్ల. మిషను దగ్గరికే రానివ్వరు. ముందు ఆ గొడవ పడాలి. తను పడగలనంటే పంపండి."

నేను నెత్తి కొట్టుకున్నాను. అమ్మ మాత్రం పక్కింటి వైపు చూసింది. గ్యారంటీ కాలేజీలో చేరిన పక్కింటి కుర్రాడు ఇప్పుడు ఊళ్ళోనే కోళ్ళ షాపులో కూర్చుంటున్నాడు. అది ఆవిడ రోజూ చూస్తూనే ఉంది.

"మీరు మారరా బాబూ" అంది. చెల్లి వైపు తిరిగి, "ఏటే, గొడవ పడగలవా?" అంది.

"నీ కూతుర్నే కదమ్మా" అంది చెల్లి.

"అయితే రాసుకోండి బాబూ. ఇన్నాళ్ళకి నాకు అబద్దం సెప్పని మొగోడివి నువ్వొక్కడివే కనిపించినావు."

అప్పుడాయన నవ్వాడు, అలాంటి నవ్వు నేనెప్పుడూ చూడలేదు. ఎండ చల్లారాక వెళ్ళమంటే వినలేదు. "ఇంకో రెండు ఊళ్ళున్నాయిరా. సెక్షను నిలబడితే అప్పుడు పడుకుంటాను." అంబలి గ్లాసు తనే నూతి దగ్గర కడిగి బోర్లించి వెళ్ళాడు.

ఆ మర్నాడే ఆయన పడిపోయింది. బస్సుస్టాపు దగ్గర, కరపత్రాల సంచీ పక్కన. తాగి పడిపోయాడనుకున్నారట. ఎండలో ఒళ్ళు కాలిపోతున్న మనిషిని చూసి, తప్పుకుని నడిచారట. చివరికి ఆటో కుర్రాడొకడు సంచీలో కాగితాలు చూసి, మేస్టారని తెలుసుకుని, ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అప్పటికే ఆలస్యమైంది. నేను రోజూ చేపల మీద కుమ్మరించే ఐసులో ఒక్క గోనెడు ఆయన మెడ కింద, చంకల కింద పెట్టగలిగితే చాలేమో. ఇది తలుచుకుంటే నాకు పని చెయ్యబుద్ధి కాదు. చల్లదనం నేర్పిన మనిషిని వేడి చంపిందని ఎవడో ముచ్చటగా వాట్సాపులో పెట్టాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. వేడి దానంతటది చంపలేదు. ఆయన్ని ఎండలోకి పంపినవాళ్ళ గదిలో ఏసీ ఆ రోజు కూడా నడుస్తూనే ఉంది. ఆ గది వేడి ఎక్కడ దింపారో ఆయన పాఠం విన్న ఎవరికైనా తెలుసు.

సంతాపసభ పెట్టారు. ఆయనది పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద "ప్రొఫెసర్" అని వేశారు. బతికుండగా స్టాఫ్‌రూములో కుర్చీ ఇవ్వని చోట! విధి నిర్వహణలో ప్రాణాలర్పించారని ప్రిన్సిపాల్ గొంతు వణికించుకున్నాడు. నేను వెనక నుంచి లేచాను.

"ఏ విధి నిర్వహణండీ? పాఠం చెప్పడమా, కరపత్రాలు పంచడమా?"

అందరూ తిరిగి చూశారు. "ఎవరా కుర్రాడు? మన స్టూడెంటు కాడు కదా, బయటికి పంపండి" అన్నాడు ప్రిన్సిపాల్. నాకు ఫోను చేసి ఏడ్చిన ఏసీ కుర్రాడు లేచి నా పక్కన నిలబడ్డాడు.

"మీ స్టూడెంటు కాడండీ. సారు స్టూడెంటు."

ఇద్దర్నీ బయటికి పంపేశారు.

తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. సెక్షను నిండలేదు, కోర్సు ఎత్తేశామన్నారు. పేరిచ్చినవాళ్ళు కంప్యూటర్లలో చేరొచ్చన్నారు. అమ్మ స్వయంగా వెళ్ళి చెల్లి సర్టిఫికెట్లు వెనక్కి అడిగింది. "నాను ఆ మేస్టరు సదువుకి ఒప్పుకున్నాను గానీ మీ కంప్యూటర్లకి కాదు" అంది. ఆయన లేరు కదమ్మా అన్నాడు గుమాస్తా. "నేడని నాకు తెల్దేటి? నేకుండా సేసింది ఎవులో కూడా తెల్సు" అనేసి వచ్చింది.

ల్యాబు ఖాళీ చేస్తున్నారని, సామానంతా పాత ఇనుము కింద అమ్మేస్తున్నారని తెలిసి సార్ ఇంటావిడ మాకు కబురు చేశారు. "ఇన్నేళ్ళూ ఇంటికొచ్చి ఆ మంచు గురించే చెప్పేవారు. నేను ఒక్కసారీ చూడలేదు. ఆ మిషను పోయేలోగా నడిపి చూపిస్తారా?"

వెళ్ళాం, మా చెల్లి కూడా వచ్చింది. వాచ్‌మన్ తాళం తీసి, "బేగి కానీయండి బాబూ" అని తనూ లోపలే నిలబడ్డాడు. నేను, ఏసీ కుర్రాడు, ఇంకో ఇద్దరు పాతవాళ్ళు కలిసి గొట్టాలు చూసుకున్నాం. అలవాటు ప్రకారం ఎవరూ చెప్పకుండానే అందరం కళ్ళు మూసుకున్నాం. స్విచ్చి వేశాను. మిషను ఒకసారి దగ్గి, అందుకుంది. శ్రుతి బాగానే ఉంది.

చెమట పట్టింది. తర్వాత నూగు. తర్వాత గొట్టం తెల్లబడింది. సార్ ఇంటావిడ దగ్గరికొచ్చి చూశారు, ముట్టుకోలేదు. ఆయన పేరు రాద్దామని పాతవాడొకడు వేలు ఎత్తాడు. ఆవిడ ఆపారు. "ఆయనకెందుకు బాబూ? పిల్లలదే కదా రాయాల్సింది" అని మా చెల్లిని ముందుకి తోశారు.

మా చెల్లి ఏ గొట్టమూ బిగించలేదు. ఒక్క పాఠమూ వినలేదు. లేని బ్యాచీలో చేరిన ఒకే ఒక్క పిల్ల. గోటితో మెల్లగా తన పేరు రాసింది. చివరి అక్షరం దగ్గర చోటు చాలక కిందికి వంచింది. వాచ్‌మనే వెళ్ళి మెయిను కట్టేశాడు, అతని మీద నాకు కోపం రాలేదు. పేరు అంచుల నుంచి తడిసి, ఒక్కో చుక్కా నేల మీద పడుతుండగా బయటికొచ్చేశాం.

బస్సులో చెల్లి కిటికీ పక్కన కూర్చుంది. వేడిగాలి మొహానికి కొడుతోంది. బయట కొబ్బరితోటలు, ఉప్పుచేపల వాసన, ఏ గోడ మీద చూసినా ఏదో ఒక కాలేజీ పోస్టరు. చెల్లి వేటినీ చూడటం లేదు. పేరు రాసిన వేలిని బుగ్గకి ఆనించుకుంటోంది, తీస్తోంది, మళ్ళీ ఆనించుకుంటోంది. ఇంకా చల్లగా ఉందేమోనని.